దుస్తుల డిజైన్లలో జాతి, కుల అవమానం

ఒక జాతినో, తెగనో, కులాన్నో కించపరిచే బొమ్మలు, ఆకారాలు, రాతలు దుస్తుల మీద వాడారన్న ఆక్షేపణ, ఆ సరుకును అంగళ్ల నుంచి తీసేయాలన్న పట్టు గత ముప్ఫై ఏళ్లలో ఫ్యాషన్ వ్యాపారాన్ని పదే పదే కుదిపాయి. వార్తల్లో ఎక్కువగా వినిపించేవి పారిస్, మిలాన్ కంపెనీల పేర్లే అయినా సమస్య అక్కడితో ఆగదు. ఎవరు ఏ బట్ట కట్టవచ్చు, ఎవరి కట్టును ఎవరు వేషంగా వేసుకోవచ్చు అన్న తగవు తెలుగు నేల మీద కూడా పాతదే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతంలో దానికి సంబంధించిన అన్ని పార్శ్వాలూ కనిపిస్తాయి. నేతగాళ్ల మగ్గాలు, లంబాడీ తండాలు, నల్లమల చెంచుపెంటలు, ఒకనాటి సంస్థానాల కొలువుల్లోని ఆఫ్రికా సైనికుల చరిత్ర, అన్నీ ఈ మూడు జిల్లాల పరిధిలోనివే.

ఇలాంటి వివాదాల్లో సాధారణంగా మూడు వేర్వేరు ఫిర్యాదులు కలగలిసి ఉంటాయి. ఒక ప్రజను హీనంగా చూపడానికి ఒకప్పుడు వాడిన గుర్తును మళ్లీ బట్ట మీదికి తేవడం మొదటిది. పూజ్యమైన బొమ్మను అనుచితమైన చోట అచ్చువేయడం రెండోది. ఒక సమాజం తరతరాలుగా తయారుచేసుకున్న నమూనాను అడగకుండా, పేరైనా చెప్పకుండా ఎత్తుకుపోయి అమ్ముకోవడం మూడోది. మూడింటికీ కంపెనీలు సాధారణంగా చేసే పని ఒక్కటే: క్షమాపణ చెప్పి సరుకు వెనక్కి తీసుకోవడం. జరిగిన హాని మాత్రం మూడు చోట్లా ఒక్కటి కాదు కనుక, ఉపసంహరణ ఎక్కడ సరిపోతుందో ఎక్కడ సరిపోదో విడివిడిగా చూడవలసి ఉంటుంది.

బట్ట మీద కులాంక్షలు

భారతదేశంలో దుస్తులతో అవమానించడం డిజైనర్ల కాలం కంటే చాలా ముందునుంచీ ఉంది. తెలంగాణ పల్లెల్లో దళితులు పెద్దకులాల వీధిలో చెప్పులు చేతబట్టుకుని నడవవలసి వచ్చిన కట్టుబాటు, దొర ఎదురైతే భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకోవలసిన కట్టుబాటు బతికున్న మనుషుల జ్ఞాపకంలోవే. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు పైట వేసుకునే హక్కు కోసం దశాబ్దాల పాటు పోరాడితే, 1859 నాటి రాజాజ్ఞ ఆ హక్కు ఇస్తూనే పెద్దకులాల స్త్రీలు వేసుకునే తీరున మాత్రం వేసుకోరాదని షరతు పెట్టింది. ఈ చరిత్ర ముగిసిపోలేదనడానికి చట్టమే సాక్ష్యం. షెడ్యూల్డు కులాలు, తెగల మీద అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో, బహిరంగ స్థలాల్లో చెప్పులు వేసుకోవడాన్ని, కొత్తబట్టలు కట్టుకోవడాన్ని అడ్డుకోవడం నేరమని ప్రత్యేకంగా రాయవలసి వచ్చింది. ఆ సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది.

ఒక ఆకారమో, రంగో, కట్టో మనిషి స్థాయిని నిర్ణయించిన సమాజంలో బట్ట కేవలం బట్టగా మిగలదు. ప్రపంచంలోని ఫ్యాషన్ వివాదాలను అర్థం చేసుకోవడానికి తెలుగు పాఠకుడికి ఈ అనుభవమే దగ్గరి దారి.

నల్లముఖం, ఉరితాడు, సంకెళ్లు

అమెరికాలో 1830ల నుంచి తెల్లనటులు కాల్చిన బెరడు మసి ముఖానికి పూసుకుని, పెదవులు ఎర్రగా పెద్దవిగా దిద్దుకుని నల్లవారిని వెకిలిగా అనుకరించే నాటకాలు విపరీతంగా ఆడాయి. బానిసత్వంలో ఉన్న మనుషుల్ని తెలివిలేని నవ్వులాట బొమ్మలుగా చూపిన ఆ రూపం తరవాత బొమ్మల్లోకి, ప్రకటనల్లోకి, ఇంటి సామాను మీదికి పాకింది. ఫ్యాషన్‌లో అత్యంత తీవ్రమైన వివాదాలు ఈ రూపం చుట్టూనే తిరిగాయి.

2018 డిసెంబరులో ప్రాడా కంపెనీ నల్లని ముఖం, ఎర్రని పెద్ద పెదవులు ఉన్న కోతివంటి బొమ్మలను తాళంచెవుల గొలుసులుగా అమ్మకానికి పెట్టింది. న్యూయార్క్ దుకాణం అద్దాల్లో వాటిని చూసిన ఒక న్యాయవాది బయటపెట్టడంతో కంపెనీ వాటిని తొలగించింది. వ్యవహారం అక్కడితో ఆగకుండా ఆ నగర మానవ హక్కుల కమిషన్ దాకా వెళ్లింది. 2020లో కుదిరిన ఒప్పందం ప్రకారం సిబ్బందికి జాతి వివక్షపై శిక్షణ ఇవ్వడానికి, ఈ విషయాలు చూసే ఒక బాధ్యుణ్ని నియమించడానికి ప్రాడా అంగీకరించింది. 2019 ఫిబ్రవరిలో గూచీ వంతు వచ్చింది. ముక్కు దాకా పైకి లాక్కునే నల్ల స్వెటరు, నోటి దగ్గర ఎర్రని పెదవుల ఆకారంలో రంధ్రం, ధర 890 డాలర్లు. ఒక రంగస్థల కళాకారుడి వేషమే తనకు ప్రేరణ అని డిజైనర్ చెప్పుకున్నా కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది. అదే నెలలో గాయని కేటీ పెర్రీ పేరుతో అమ్ముతున్న ముఖాకారపు చెప్పులు కూడా అంగళ్ల నుంచి వెళ్లిపోయాయి. లండన్ ప్రదర్శనలో బర్బెరీ మెడ చుట్టూ ఉరితాడులా ముడివేసిన తాళ్లున్న చొక్కాను చూపించి క్షమాపణ చెప్పింది కూడా ఆ నెలలోనే. అంతకు ముందు 2012లో అడిడాస్, చీలమండకు రబ్బరు సంకెళ్లు తగిలించిన బూట్లను, 2018 జనవరిలో హెచ్ అండ్ ఎం, అడవిలో అందరికంటే చక్కని కోతి అన్న రాత ఉన్న చొక్కాను నల్లపిల్లవాడికి తొడిగిన ప్రకటనను ఉపసంహరించుకున్నాయి. హెచ్ అండ్ ఎం ఉదంతం తరవాత దక్షిణాఫ్రికాలో ఆ కంపెనీ దుకాణాల మీద దాడులు జరిగాయి.

దాదాపు ఈ ఉదంతాలన్నిటిలో కంపెనీల జవాబు ఒక్కటే. అవమానించాలన్న ఉద్దేశం తమకు లేదని. అది నిజమే కావచ్చు. కాని ఉరితాడు ఎవరి పూర్వుల మెడకు పడిందో వాళ్లు దాన్ని చూసే చూపు డిజైనర్ ఉద్దేశాన్ని బట్టి మారదు. ఉద్దేశం శిక్ష ఎంతో నిర్ణయించడానికి పనికొస్తుంది, సరుకు అంగట్లో ఉండాలా వద్దా అన్నది తేల్చడానికి పనికిరాదు. ఈ తరహా డిజైన్ల విషయంలో ఉపసంహరణ తప్ప వేరే సమాధానం లేదు. వాటిని ఎన్నడో చావవలసిన బొమ్మలుగానే చూడాలి.

ఇది దూరదేశపు గొడవ అనుకునే వీలు ఈ మూడు జిల్లాలున్న పాలమూరు ప్రాంత చరిత్రలో లేదు. వనపర్తి సంస్థానాధీశుల కొలువులో ఆఫ్రికా సంతతి సైనికుల దళం ఉండేది. తరవాత అది నిజాం సైన్యంలో కలిసింది. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే బస్తీ పేరులోని రెండక్షరాలూ ఆఫ్రికన్ కావల్రీ అన్న మాటలకు పొడి రూపమే. వారు తెచ్చిన మర్ఫా వాయిద్యం లేనిదే పాతబస్తీ పెళ్లి ఊరేగింపు కదలదు. అయినా రంగు మీద ఎగతాళి తెలుగునాట సాధారణ సంభాషణలో భాగంగానే మిగిలింది. బట్టల దుకాణాల్లో లేత గోధుమ రంగు లెగ్గింగులను, లోదుస్తులను స్కిన్ కలర్ అని అడగడం, అమ్మడం మామూలు. కొనేవాళ్లలో ఎక్కువమంది చర్మం ఆ రంగులో ఉండదు. అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తరవాత లేచిన ఉద్యమం సెగ తగిలి 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ అన్న క్రీము పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. లోపలి సరుకు అమ్మకం ఆగలేదు. పేరు మార్పుతో సరిపెట్టుకోవడమూ ఒక రకం ఉపసంహరణే, అన్నిటిలోకీ బలహీనమైనది.

లంబాడీల కట్టు, చెంచుల వేషం

దక్షిణ తెలంగాణలో ఈ విషయానికి అన్నిటికంటే దగ్గరి ఉదాహరణ లంబాడీ స్త్రీల దుస్తులు. బంజారాలని, లంబాడీలని, తమ మాటలో గోర్ అని పిలుచుకునే ఈ ప్రజలు శతాబ్దాల పాటు ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోస్తూ దక్కను అంతటా తిరిగారు. మొగలు సైన్యాలకూ, తరవాత ఆంగ్లేయ సైన్యాలకూ తిండిగింజలు చేర్చింది వీరే. రైళ్లు వచ్చి ఆ వర్తకం పోయింది. అదే వలసపాలన, 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం కింద అనేక ప్రాంతాల్లో వీరి మీద పుట్టుకతోనే దొంగలన్న ముద్ర వేసింది. చట్టం 1952లో రద్దయింది. తెలంగాణలో లంబాడీలను 1976 సవరణతో షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చారు. పక్కనే కర్ణాటకలో వారు షెడ్యూల్డు కులం, మహారాష్ట్రలో విముక్త జాతి. ఒకే ప్రజ మూడు రాష్ట్రాల్లో మూడు పేర్ల కింద ఉంది. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టంతో తెలంగాణలోని చాలా తండాలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి.

వారి స్త్రీల సంప్రదాయ దుస్తుల్లో లంగా పేటియా, వీపు తాళ్లతో కట్టే రవిక కాంచళి, తలమీది ఓణీ టుక్రీ. ముతక నూలుబట్ట మీద చిన్నచిన్న అద్దాలు, గవ్వలు, నాణేలు, రంగుల ముక్కలు చేర్చి, దారంతో లెక్కపెట్టి కుట్టే ఈ పని ఒక్కో జతకు నెలలు పడుతుంది. తల్లి దగ్గర కూతురు నేర్చుకునే విద్య ఇది. ఇందులో ప్రతి వస్తువూ అలంకారం కోసమే పెట్టింది కాదు. జుట్టు పాయలకు తగిలించే ఘుగ్రీ, టోప్లీ పెళ్లయిన స్త్రీ గుర్తులు. తెలుగువారిలో మెట్టెలకూ తాళిబొట్టుకూ ఏ స్థానం ఉందో వాటికి అక్కడ ఆ స్థానం ఉంది.

తెలుగు సినిమా ఈ కట్టును చాలాకాలంగా నృత్యగీతాల ముస్తాబుగా వాడుకుంది. రవికను ఇంకా కురచ చేసి, లంగాను కిందికి దించి, పెళ్లి గుర్తులను మెరుపు సామానుగా మార్చి, ఆ వేషంలోని స్త్రీని తేలికగా దొరికేదానిగా చూపే అలవాటు స్థిరపడింది. పాఠశాలల్లో, బస్సుల్లో లంబాడీ ఆడపిల్లలు ఎదుర్కొన్న ఎగతాళికి ఆ బొమ్మల బలం తోడైంది. యువతులు ఆ దుస్తులు వదిలి చీర, చుడీదారులకు మారడానికి బరువు, ఖర్చు, కూలిపనుల అవసరం కారణాలే. అందరూ తేరిపార చూస్తారన్న జంకు కూడా ఒక కారణం. మరోవైపు ప్రభుత్వ సభల్లో అతిథులకు స్వాగతం పలకడానికి అదే దుస్తుల్లో లంబాడీ స్త్రీలను వరసగా నిలబెడతారు. నవరాత్రి దాండియా సరదాలకు, సంగీత్ వేడుకలకు బంజారా అన్న పేరుతో యంత్రంమీద కుట్టిన అద్దాల లంగాలు నగరాల్లో జోరుగా అమ్ముడవుతాయి. కట్టినవాళ్లు ఎగతాళి పాలైన బట్ట, వేరేవాళ్లు వేసుకుంటే ముచ్చటయింది. జాతి అవమానం గురించిన చర్చలో తెలుగువారు మొదట చూడవలసింది ఈ తేడానే. ఇక్కడ తీసేయవలసిన సరుకంటూ ఏదీ లేదు. అద్దాల లంగా అమ్మకం ఆగితే లంబాడీ స్త్రీకి ఒరిగేది లేదు. ఆ వేషంలో స్త్రీని చవకగా చూపే చిత్రణ ఆగడం, కుట్టుపని విలువ కుట్టినవారికి అందడం ఆమెకు కావలసినవి.

రెండోదానికి నమూనా పొరుగున బళ్లారి జిల్లా సండూరులో ఉంది. అక్కడి సండూరు కుశల కళా కేంద్రంలో లంబాణీ స్త్రీలు కుట్టే పనికి భౌగోళిక గుర్తింపు లభించింది. 2023 జూలైలో హంపిలో జీ20 సాంస్కృతిక బృందం సమావేశమైనప్పుడు 450 మందికి పైగా స్త్రీలు తయారుచేసిన 1,755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డులకెక్కింది. తెలంగాణ తండాల కుట్టుపనికి అంతటి గుర్తింపు రాలేదు. పాత పేటియాలను, టుక్రీలను చవకగా కొని ముక్కలు కోసి సంచులుగా, దిండుగలేబులుగా కుట్టి అమ్మే వ్యాపారం మాత్రం చాలాకాలంగా నడుస్తోంది. ఒక అవ్వ సంవత్సరాల పని ఇలా నాలుగు సంచులవుతుంది. పేరు ఉండదు.

చెంచులది మరో రకం. నాగర్‌కర్నూలు జిల్లా అమ్రాబాద్ అడవుల్లో, శ్రీశైలం వైపు నల్లమలలో ఉండే చెంచులు ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన తెగల జాబితాలో ఉన్నారు. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లో వారి మధ్య ఉండి పరిశోధించి, 1943లో వారి గురించి పుస్తకం ప్రచురించాడు. అప్పటికే వారు సంతలో కొన్న నూలుబట్ట కడుతున్నారు. కాని తెలుగువారి ఊహలోని చెంచు వేరు. అహోబిల నరసింహస్వామి పెళ్లాడిన చెంచులక్ష్మి కథ 1943లోనూ 1958లోనూ సినిమాగా వచ్చింది. ఆకులు, ఈకలు, పూసలు, పులిచర్మపు చారలతో కూడిన అడవిపిల్ల వేషం ప్రజల మనసులో అలా పాతుకుపోయింది. పాఠశాలల వేషధారణ పోటీల్లో ఆకుల లంగా కట్టిన పిల్లలను నేటికీ గిరిజనులని చూపిస్తారు. ఇది అమెరికాలో ఆదివాసుల ఈకల కిరీటంతో జరిగిందానికి దగ్గరి పోలిక. 2012లో విక్టోరియాస్ సీక్రెట్ కంపెనీ తన ప్రదర్శనలో ఒక మోడల్‌కు లోదుస్తుల మీద ఆ కిరీటం తొడిగింది. పరాక్రమం చూపినవారికి తెగపెద్దలు ఇచ్చే గౌరవచిహ్నం అదని ఆదివాసులు నిరసించడంతో టీవీ ప్రసారం నుంచి ఆ భాగాన్ని కత్తిరించారు. చెంచుల తరఫున అంత గట్టిగా అడిగే గొంతు ఇంకా లేవలేదు. దాన్ని చూసి చెంచులకు అభ్యంతరం లేదనుకోవడం అన్యాయం.

దేవుడి బొమ్మ, బట్టమీద చోటు

పూజ్యచిహ్నాల విషయంలో తెలుగుదేశపు సంప్రదాయం నిషేధం వైపు మొగ్గలేదు. బట్టమీద దేవుణ్ని రాయడం శ్రీకాళహస్తి కలంకారీకి ప్రాణం. రామాయణ, భారత కథలతో గుడి తెరలు రాసిన ఆ చేతులే తరవాత చీరలు, ఓణీలు రాశాయి. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టి ఆ పరంపరలోని వారే. చీర మీదికి వచ్చినప్పుడు దేవతామూర్తులను సాధారణంగా పైటకొంగు మీద ఉంచి, పాదాల దగ్గరి అంచుకు లతలు, పక్షులు కేటాయిస్తారు. జోగులాంబ గద్వాల జిల్లాలో బట్టకూ దేవుడికీ ఉన్న బంధం మరీ దగ్గరిది. గద్వాల సంస్థానం తరఫున ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏరువాడ జోడు పంచెలు వెళ్తాయి. నేతగాళ్లు 41 రోజుల దీక్షలో ఉండి వాటిని నేస్తారు. గద్వాల చీర అంచు మీది గోపురం, కుంభం వంటి ఆకృతులు కూడా గుడి నుంచి వచ్చినవే. వీటిని చూసి ఎవరూ నొచ్చుకోరు. చోటు, మర్యాద పాటించడమే అందుకు కారణం.

2004లో రాబర్టో కవల్లీ డిజైన్ చేసిన దేవతల బొమ్మల ఈతదుస్తులు లండన్‌లోని హారడ్స్ దుకాణానికి వచ్చినప్పుడు, 2011లో ఆస్ట్రేలియా ప్రదర్శనలో లిసా బ్లూ కంపెనీ లక్ష్మీదేవి బొమ్మను ఈతదుస్తుల వెనుక భాగాన అచ్చువేసినప్పుడు, 2013లో అర్బన్ అవుట్‌ఫిటర్స్ వినాయకుడి బొమ్మతో మేజోళ్లు అమ్మినప్పుడు ఆ మర్యాదే తప్పింది. మూడూ ఉపసంహరించారు. 2017లో కెనడా అమెజాన్‌లో భారత జెండా ఉన్న, కాళ్లు తుడుచుకునే పట్టాలు కనిపించడంతో నాటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ వీసాలు ఆపుతామని హెచ్చరించగా అవి మాయమయ్యాయి. 1994లో షనెల్ కంపెనీ గౌను మీద ఖురాన్ వాక్యాలు వచ్చినప్పుడు డిజైనర్ కార్ల్ లాగర్‌ఫెల్డ్ క్షమాపణ చెప్పాడు.

వీటిని జాతి అవమానంతో కలిపేయకుండా ఉండటం మంచిది. నల్లముఖపు స్వెటరు ఒక మనిషిని మనిషి కంటే తక్కువగా చూపుతుంది. లక్ష్మీదేవి ఈతదుస్తులు భక్తుడి మనసు నొప్పిస్తాయి కాని అతని మనిషితనాన్ని తగ్గించవు. గూచీ తలపాగా ఈ రెంటి నడిమధ్యన ఉంది. 2018లో మిలాన్‌లో తెల్లమోడళ్లకు చుట్టి చూపించిన ఆ తలపాగాను 2019లో నార్డ్‌స్ట్రామ్ దుకాణం 790 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. 2001 సెప్టెంబరు దాడుల తరవాత అదే తలపాగా కారణంగా అమెరికాలో సిక్కులు దెబ్బలు తిన్నారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. సిక్కు సంస్థలు అడిగింది తమ మతగౌరవం ఒక్కటే కాదు. తమవాళ్లను చంపించిన వస్తువు మీదే మరొకరు లాభం చేసుకోవడమేమిటని అడిగారు. నార్డ్‌స్ట్రామ్ క్షమాపణ చెప్పి అమ్మకం ఆపింది.

అరువు, దొంగతనం

ఒకరి నమూనా మరొకరి ఒంటిమీదికి పోవడం ఎప్పుడూ తప్పు కాదు. చీరాల ప్రాంతంలో నూనెలో నానబెట్టిన నూలుతో నేసిన తేలియా రుమాళ్లు అరబ్బు దేశాలకు, ఆఫ్రికాకు ఓడల్లో వెళ్లేవి. నైజర్ నదీముఖంలోని కలబారి ప్రజలు మద్రాసు గళ్లబట్టలో కొన్ని దారాలను జాగ్రత్తగా కోసి తీసి కొత్త ఆకృతులు పుట్టించి, దాన్ని తమ పుట్టుక, చావు వేడుకల బట్టగా చేసుకున్నారు. అక్కడ నేసినవాడికి ధర దక్కింది, కొన్నవాడు దాన్ని గౌరవంగా తనదిగా మార్చుకున్నాడు. ఎవరూ నష్టపోలేదు.

మచిలీపట్నం అద్దకపు బట్టల కథ మరోలా నడిచింది. ఐరోపాలో వాటి మోజు పెరిగి స్థానిక నేతగాళ్ల పొట్ట కొట్టడంతో ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లండు 1700లోనూ 1721లోనూ నిషేధాలు తెచ్చాయి. 1719లో లండన్ వీధుల్లో అద్దకపు గౌన్లు వేసుకున్న స్త్రీల మీద నేతగాళ్లు దాడులు చేశారు. ఆ తరవాత అక్కడి మిల్లులే ఆ నమూనాలను యంత్రాలమీద అచ్చువేసి ప్రపంచమంతా అమ్మాయి. బట్టను నిషేధించినా దాని మీది పువ్వును మాత్రం ఉంచేసుకున్నారు.

నేటి వివాదాలు చాలావరకు ఆ రెండో దారివి. 2012లో అమెరికాలోని నవాహో ఆదివాసీ జాతి అర్బన్ అవుట్‌ఫిటర్స్ మీద దావా వేసింది. తమ పేరును లోదుస్తులకు, సారా సీసాలకు తగిలించారన్నది ఫిర్యాదు. నవాహో ప్రాంతంలో మద్యం అమ్మకమే నిషేధం. 2016లో రాజీ కుదిరి, ఆ కంపెనీ నవాహో కళాకారులతో కలిసి పనిచేయడానికి ఒప్పుకుంది. 2025 ఆగస్టులో అడిడాస్, మెక్సికోలోని ఒహాకా గ్రామం యలాలగ్ చెప్పుల అల్లికను తీసుకున్నందుకు ఆ ఊరికే వెళ్లి క్షమాపణ చెప్పింది. భారతదేశంలో ఇలాంటి గొడవ బయటి కంపెనీలతోనే వస్తుందనుకోనక్కరలేదు. 2021లో డిజైనర్ సబ్యసాచి ముఖర్జీ హెచ్ అండ్ ఎం కోసం చేసిన దుస్తుల్లో సాంగానేరు అద్దకాన్ని తలపించే పూలు మిల్లులో ముద్రించినవి. చేనేత, హస్తకళల సంస్థలు బహిరంగలేఖ రాశాయి.

2025 జూన్‌లో మిలాన్‌లో ప్రాడా చూపిన చెప్పులు కొల్హాపురీ చెప్పులని మనదేశంలో చూసినవెంటనే పోల్చుకున్నారు. ప్రదర్శన పత్రంలో ఆ పేరు లేదు. మహారాష్ట్ర, కర్ణాటకల్లోని దళిత చర్మకారులు తరతరాలుగా కుట్టే ఈ చెప్పులకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చెప్పులు కుట్టిన చేతులను అంటరానివన్న దేశంలో, ఆ చెప్పులు మిలాన్‌కెక్కగానే జాతిగౌరవం పేరుతో అందరూ గర్జించడం విడ్డూరమే అయినా ఫలితం మంచిదే వచ్చింది. విమర్శ పెరగడంతో ప్రాడా మూలాన్ని ఒప్పుకుంది. ఆ ఏడాది చివర రెండు రాష్ట్రాల చర్మ పరిశ్రమ సంస్థలతో ఒప్పందం చేసుకుని ఇక్కడే 2,000 జతలు కుట్టించి జత దాదాపు 800 యూరోలకు అమ్ముతామని ప్రకటించింది. ఆ చెప్పులను ఉపసంహరింపజేసి ఉంటే చర్మకారుడికి పైసా వచ్చేది కాదు.

చట్టం

భారత చట్టాల్లో ఇలాంటి డిజైన్ల మీద నేరుగా మాట్లాడేది లేదు. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం మతభావాలను నొప్పించే గుర్తులను నమోదు చేయరాదంటుంది. 2000 నాటి డిజైన్ల చట్టం అసభ్యమైన వాటిని తోసిపుచ్చుతుంది. కులాన్నీ తెగనూ కించపరిచే గుర్తుల ఊసు ఈ రెంటిలోనూ విడిగా లేదు. మతభావాన్ని కాపాడడానికి చూపిన శ్రద్ధ కులగౌరవం మీద చూపకపోవడం పెద్దలోపం. వర్గాల మధ్య వైరం పెంచడం, మతాన్ని అవమానించడం భారతీయ న్యాయ సంహితలో 196, 299 సెక్షన్ల కింద నేరాలు. రెండోదానికి దురుద్దేశం రుజువు కావాలి. అత్యాచారాల నిరోధక చట్టం కూడా పదిమంది చూసేచోట ఉద్దేశపూర్వకంగా చేసిన అవమానాన్నే శిక్షిస్తుంది గనుక అచ్చువేసిన బట్టకు వర్తింపజేయడం కష్టం. జెండా విషయంలో మాత్రం 1971 నాటి చట్టానికి 2005లో చేసిన సవరణ స్పష్టంగా ఉంది. నడుము కిందికి కట్టే దుస్తుల్లో, లోదుస్తుల మీద, చేతిరుమాళ్ల మీద జెండా వాడరాదు.

భౌగోళిక గుర్తింపు చట్టం గద్వాల చీర, పోచంపల్లి ఇక్కత్, తేలియా రుమాలు వంటి పేర్లను కాపాడుతుంది. మరమగ్గం మీద నేసినదాన్ని గద్వాల అని అమ్మితే కోర్టుకు వెళ్లవచ్చు. పేరు చెప్పకుండా నమూనాను మాత్రం దించుకున్నవాడి మీద అది పెద్దగా పనిచేయదు. కొల్హాపురీ విషయంలో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని 2025 జూలైలో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. హక్కుదారులుగా నమోదైన సంస్థలే అడగాలన్నది. అమెరికాలో 2017లో ఒక ఆసియా సంతతి వాద్యబృందం కేసులో సుప్రీంకోర్టు, కించపరిచే పేర్లనైనా ట్రేడ్‌మార్కులుగా నిరాకరించడం వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమని తీర్పిచ్చింది. అక్కడ ఉపసంహరణలు జరిగేది చట్టానికి లోబడి కాదు, కొనేవాళ్లకు జంకి. మెక్సికో వేరేదారి పట్టింది. ఆదివాసుల సాంస్కృతిక సంపదను అనుమతి లేకుండా వాడుకోవడాన్ని శిక్షించే సమాఖ్య చట్టం 2022లో తెచ్చింది.

ఉపసంహరించిన సరుకు

వెనక్కి తీసుకున్న దుస్తుల గతి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. షనెల్ తన మూడు గౌన్లను నాశనం చేయించింది. ఎక్కువ కంపెనీలు ఏం చేశాయో బయటికి చెప్పవు. కొన్ని వస్తువులు, నిషేధం వల్లే అరుదైనవై, పాతసరుకు వేలాల్లో అసలు ధరకు మించి అమ్ముడవుతాయి. ఉపసంహరణ ప్రకటించే కంపెనీ సరుకు ఏమవుతుందో కూడా చెప్పాలని అడగడం న్యాయమే. అన్నిటినీ కాల్చేయాలన్న వాదనకు ఎదురువాదన కూడా ఉంది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఫెరిస్ స్టేట్ విశ్వవిద్యాలయం నల్లవారిని హేళన చేసిన వస్తువులను వేలల్లో సేకరించి జిమ్ క్రో మ్యూజియంలో ఉంచింది. అవి ఎవరిని ఎలా బాధించాయో వివరిస్తూ విద్యార్థులకు బోధిస్తుంది. తెలుగు రాష్ట్రాల మ్యూజియాల్లో లంబాడీ, చెంచు దుస్తులు, నగలు అద్దాల వెనుక ఉన్నాయి. వాటి పక్కన నేరస్థ తెగల చట్టం గురించి, సినిమా వేషాల గురించి రెండు వాక్యాలు చేర్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఆ వాక్యాలు రాసే పని ఆ సమాజాల చదువుకున్న పిల్లలకే అప్పగించవచ్చు.